గ్రాఫిక్ స్కోరు: వాయించడానికి గీసిన బొమ్మ

సంగీతాన్ని మామూలు స్వరలిపిలో కాకుండా గీతలు, చుక్కలు, దిమ్మెలు, రంగులు, బొమ్మలుగా కాగితం మీద పెట్టి, దాన్ని చూస్తూ వాయించమని కళాకారులకు ఇచ్చే రచనను గ్రాఫిక్ స్కోరు అంటారు. గోడకు తగిలిస్తే చిత్రంగా నిలుస్తుంది, స్టాండు మీద పెడితే కచేరీకి పనికొస్తుంది. 1950లో న్యూయార్కులో కొద్దిమంది మిత్రుల మధ్య మొదలైన ఈ పద్ధతి పదేళ్లు తిరిగేసరికి జర్మనీ, ఇటలీ, ఇంగ్లండ్, జపాన్ దేశాలకు చేరింది. మోర్టన్ ఫెల్డ్‌మన్, ఎర్ల్ బ్రౌన్, జాన్ కేజ్, కార్నీలియస్ కార్డ్యూ ఇందులో ముఖ్యులు.

సంగీతానికీ చిత్రానికీ మధ్య ఉన్న ప్రతి చుట్టరికాన్నీ ఈ పేరుతో పిలవలేం. రాజస్థాన్, దక్కన్ చిత్రకారుల రాగమాలా చిత్రాల్లో తోడి రాగిణి వీణ పట్టుకుని లేళ్ల మధ్య నిలబడి ఉంటుంది. ఆ బొమ్మ రాగాన్ని తలపిస్తుందే తప్ప, దాన్ని ముందు పెట్టుకుని ఎవరూ తోడి పాడరు. హంగరీకి చెందిన గ్యోర్గి లిగెటి 1958లో టేపు మీద కూర్చిన ‘ఆర్టిక్యులేషన్’కు రైనర్ వెహింగర్ 1970లో రంగురంగుల పటం గీశాడు. అది వింటూ చూడటానికి చేసినదే, వాయించడానికి కాదు. ఈ రెండు చోట్లా సంగీతం ముందు, బొమ్మ తర్వాత. గ్రాఫిక్ స్కోరులో వరస తిరగబడుతుంది. బొమ్మ సిద్ధంగా ఉంటుంది, శబ్దం ఇంకా పుట్టి ఉండదు.

స్వరలిపితో తేడా

ఏ స్వరలిపీ సంగీతాన్ని పూర్తిగా పట్టుకోలేదు. పాశ్చాత్యుల ఐదు గీతల పద్ధతి ఏ స్వరం, ఎంతసేపు అన్నది కచ్చితంగా చెబుతుంది. మన స-రి-గ-మల రాత అంతకన్నా తక్కువ చెబుతుంది, మిగిలింది గురువు గొంతులో ఉంటుంది. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి తెలుగు లిపిలో వెలువరించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో ఆ లోటు తీర్చడానికి గమకాలకు విడిగా గుర్తులు పెట్టారు. కంపితానికి అలలాంటి గీత, జారుకు వాలుగీత, ఇలా. ఆ పుటలు తిప్పితే అక్షరాల మీద మరో చిన్న చిత్రలేఖనం నడుస్తున్నట్టే ఉంటుంది.

కానీ ఆ అలగీత ఏ శబ్దానికి గుర్తో దీక్షితులవారికి తెలుసు. చదివేవాళ్లకు కూడా అదే శబ్దం అందాలని ఆయన తాపత్రయం. గ్రాఫిక్ స్కోరు గీసినవాడు అలగీత గీస్తే దాని శబ్దం ఏమిటో తేల్చడు. ఆ భారం వాయించేవారి మీద పడుతుంది. ఈ పద్ధతికి వచ్చిన కీర్తి, దాని మీద జరిగిన తగాదా రెండూ ఈ తేడా నుంచే పుట్టాయి.

పూర్వరూపాలు

కంటికి ఇంపైన స్వరలిపి ఐరోపాలో పాతదే. పారిస్ దగ్గరి షాంటియీ కోటలో భద్రపరిచిన మధ్యయుగపు రాతప్రతిలో బోద్ కోర్దియే పాట ఒకటి హృదయాకారంలో, మరొకటి వలయాకారంలో కనిపిస్తుంది. ప్రేమపాటకు హృదయం, ఎంతకీ ముగియకుండా తిరిగే పాటకు వలయం. మన చక్రబంధం, నాగబంధం కవుల సరదా ఎలాంటిదో ఇదీ అలాంటిదే. పద్యాన్ని పాము మెలికల్లో ఇరికించినా చదివితే వినిపించేది ఆ పద్యమే అయినట్టు, కోర్దియే పాటను హృదయంలోంచి తీసి తిన్నగా రాసినా స్వరాలు మారవు. అమెరికా స్వరకర్త జార్జ్ క్రమ్ 1972లో ‘మాక్రోకాస్మోస్’ పియానో రచనల్లో ఐదు గీతలను సుడిగా, శిలువగా వంచి రాసిన పుటలనూ ఈ జాబితాలోనే వేయాలి. చాలామంది వాటిని గ్రాఫిక్ స్కోరుకు ఉదాహరణగా చూపిస్తారు గానీ, అక్కడ ప్రతి స్వరమూ ముందే నిర్ణయమైనదే.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చిత్రకారుల వైపు నుంచి మరో దారి పడింది. కాండిన్‌స్కీ 1926లో అచ్చువేసిన తన గ్రంథంలో బీతోవెన్ ఐదో సింఫనీ ఆరంభాన్ని చుక్కలుగా మార్చి చూపాడు. వయొలిన్ బాగా వాయించగల పాల్ క్లే, ఫ్యూగ్ అనే సంగీత రూపపు నడకను రంగు పొరలుగా వేశాడు. ఈ బొమ్మలను వాయించమని మాత్రం వాళ్లు ఎవరినీ అడగలేదు.

న్యూయార్కు: గడులు, దిమ్మెలు

1950 చివర్లో, జాన్ కేజ్ ఇంట్లో భోజనానికి వచ్చిన ఫెల్డ్‌మన్, వంట అయ్యేలోగా గడుల కాగితం మీద ఏదో గీశాడని ఆ మిత్రబృందం చెప్పుకునేది. అలా మొదలైన వరసలో మొదటిది ఒంటరి చెల్లో కోసం రాసిన ‘ప్రొజెక్షన్ 1’. అందులో స్వరాలు లేవు. ఒక్కో పెద్ద గడి నాలుగు అక్షరకాలాలు. గడిలో చిన్న చతురస్రం పైన ఉంటే తారస్థాయి, నడిమిన ఉంటే మధ్యస్థాయి, కింద ఉంటే మంద్రం. కమానుతో వాయించాలా, వేలితో మీటాలా, తీగను తేలిగ్గా తాకి హార్మోనిక్ పలికించాలా అన్నది వేర్వేరు వరసలు చెబుతాయి. ఆ స్థాయిలో ఏ స్వరం అన్నది మాత్రం చెల్లో వాద్యకారుడి ఇష్టం.

ఫెల్డ్‌మన్ ఈ దారిలో ఎక్కువకాలం ఉండలేదు. వదిలాడు, మళ్లీ పట్టుకున్నాడు, 1967 తర్వాత పూర్తిగా మానేశాడు. శబ్దానికి స్వేచ్ఛ ఇవ్వాలని అతను గడులు గీస్తే వాద్యకారులు ఆ స్వేచ్ఛ తమదనుకుని, చేతికి అలవాటైన పలుకులు వాయించేవారు. ఈ ఫిర్యాదు చాలామంది గ్రాఫిక్ స్కోరు రచయితల నోట ఏదో ఒక రూపంలో వినిపిస్తుంది.

ఎర్ల్ బ్రౌన్ ‘డిసెంబర్ 1952’ ఇంకా ముందుకు వెళ్లింది. ఒకే ఒక కాగితం. తెల్లటి చోటులో అక్కడక్కడ విడివిడిగా నల్లటి దిమ్మెలు, కొన్ని అడ్డంగా, కొన్ని నిలువుగా, కొన్ని సన్నగా, కొన్ని లావుగా. ఐదు గీతలు లేవు, గడులు లేవు, తాళం లేదు. ఎక్కడైనా మొదలుపెట్టవచ్చు, ఏ దిక్కుకైనా వెళ్లవచ్చు, కాగితాన్ని నాలుగు వైపులా తిప్పి ఏ వైపునుంచైనా చదవవచ్చు. ఏ వాద్యాలు, ఎంతమంది, ఎంతసేపు అన్నవీ తెరిచే ఉన్నాయి. బ్రౌన్‌ను ఆకట్టుకున్నవాళ్లు ఇద్దరు: గాలికి కదిలే లోహపు ముక్కలు వేలాడదీసిన శిల్పి అలెగ్జాండర్ కాల్డర్, నేల మీద పరిచిన కాన్వాసు చుట్టూ తిరుగుతూ రంగు చిలకరించిన జాక్సన్ పొలాక్. పియానో మీద పెట్టిన పెట్టెలో మోటారుతో దిమ్మెలు ముందుకూ వెనక్కూ జరుగుతుంటే పియానిస్టు వాటిని చూస్తూ వాయించాలని బ్రౌన్ మొదట ఊహించాడు. కాగితం మీద ఉన్నది ఆ కదలికలో ఒక క్షణం.

దీన్ని కచేరీకి ఎలా సిద్ధం చేస్తారన్నది తరచూ వచ్చే ప్రశ్న. నలుగురు కూర్చుని ముందు కొన్ని కట్టుబాట్లు పెట్టుకుంటారు. ఎడమ నుంచి కుడికి కాలం అనుకుందాం, మొత్తం ఐదు నిమిషాలు. కాగితం పైభాగం తారస్థాయి, అడుగు మంద్రం. దిమ్మె పొడవు ఎంతసేపు మోగాలో, లావు ఎంత గట్టిగా మోగాలో చెబుతుంది. తెల్లని చోటు నిశ్శబ్దం. ఇక వయొలిన్ కాగితాన్ని నిటారుగా చదవవచ్చు, ట్రంపెట్ తలకిందులుగా చదవవచ్చు. ఈ ఒప్పందం కుదిరిన క్షణం నుంచి స్వేచ్ఛ చాలావరకు పోతుంది. రెండో నిమిషంలో మీ వైపు తెల్లగా ఉంటే ఎంత మంచి పలుకు చేతికొచ్చినా ఊరుకోవాలి. ‘డిసెంబర్ 1952’లో నేర్చుకోవలసిన కష్టమైన విద్య ఈ ఊరుకోవడమే.

జాన్ కేజ్, డేవిడ్ ట్యూడర్

కేజ్ పుటలు గీతలుగా చూసినా అందమైనవి. ‘కన్సర్ట్ ఫర్ పియానో అండ్ ఆర్కెస్ట్రా’లో పియానో భాగమే 63 పుటలు, అందులో 84 రకాల రాత పద్ధతులు ఉన్నాయి. 1958 మే 15న న్యూయార్కు టౌన్ హాల్‌లో దాని తొలి ప్రదర్శన జరిగింది. అదే ఊళ్లో స్టేబుల్ గ్యాలరీలో కేజ్ రాతప్రతులను చిత్రాల్లా గోడలకు పెట్టి అమ్మకానికి ఉంచారు.

ఆ ఏడాదే మొదలైన ‘ఫాంటానా మిక్స్’ను అచ్చయిన స్కోరు అనడం కన్నా స్కోరు తయారుచేసుకునే సామగ్రి అనడం సరైనది. వంకర గీతలున్న పది కాగితాలు, చుక్కలున్న పది పారదర్శక పలకలు, ఒక గళ్ల పలక, ఒక సరళరేఖ. వీటిని ఒకదాని మీద ఒకటి ఎలా పడితే అలా పరిచి, గీతలూ చుక్కలూ గళ్లను ఎక్కడ తాకాయో కొలిచి, ఆ కొలతల నుంచి శబ్దాల వరస తీయాలి. మిలాన్ రేడియో స్టూడియోలో పనిచేస్తున్నప్పుడు కేజ్ అద్దెకున్న ఇంటావిడ పేరు ఫాంటానా. పేరు అక్కడిది.

ఆ ఊళ్లోనే గాయని కాథీ బెర్బీరియన్ కోసం ‘ఆరియా’ రాశాడు. 20 పుటలు, రంగు గీతలు. ఒక్కో రంగూ ఒక్కో పాట బాణీ, ఏ రంగు ఏ బాణీ అన్నది గాయని తేల్చుకోవాలి. నల్ల చతురస్రం కనబడితే సంగీతం కాని శబ్దం ఏదైనా చేయాలి. మాటలు ఆర్మీనియన్, రష్యన్, ఇటాలియన్, ఫ్రెంచి, ఇంగ్లీషు. గీత పైకి లేస్తే గొంతు లేవాలి, కిందికి జారితే జారాలి. సంగీతం రాని మనిషి కూడా ఈ పుటను వేలితో అనుసరించగలడు. పాడటానికి మాత్రం బెర్బీరియన్ వంటి గొంతు కావాలి. జాజ్ నుంచి ఒపేరాకు, అక్కడి నుంచి జానపదానికి రెప్పపాటులో దూకాలి మరి.

కేజ్ కాగితాలను శబ్దంగా మార్చినవాడు పియానిస్టు డేవిడ్ ట్యూడర్. చూసి అప్పటికప్పుడు ఏదో ఒకటి వాయించడం అతని స్వభావం కాదు. స్కేలు పెట్టి చుక్కల దూరాలు కొలిచి, లెక్కలు వేసి, చివరికి తన కోసం మరో రాతప్రతి తయారుచేసుకుని, వేదిక మీద దాన్ని చూస్తూ వాయించేవాడు. చూసేవాళ్లకు ఇది స్వేచ్ఛా సంగీతం, ట్యూడర్‌కు రోజుల తరబడి గుమాస్తా పని. ఇంత కట్టుదిట్టంగా చదివేవాడు దొరికాడు కాబట్టే కేజ్ అంత తెరిచి రాయగలిగాడని నా అభిప్రాయం.

అలా చదివేవాళ్లు దొరకనప్పుడు ఏమవుతుందో 1964 ఫిబ్రవరిలో తెలిసింది. లెనర్డ్ బెర్న్‌స్టైన్ ఆధ్వర్యంలో న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందం కేజ్ ‘అట్లాస్ ఎక్లిప్టికాలిస్’ను ప్రదర్శించింది. చెక్ ఖగోళ శాస్త్రజ్ఞుడు అంటోనిన్ బెచ్వార్ నక్షత్ర పటాల మీద పారదర్శక కాగితం పెట్టి, నక్షత్రాలను స్వరాలుగా దించిన రచన అది. మొత్తం 86 వాద్య భాగాలు. వాద్యకారులకు ఆ పని మీద నమ్మకం లేదు. కొందరు కాగితాన్ని పట్టించుకోకుండా తోచింది వాయించారు, కేజ్ వేదిక మీదికి వస్తే కొందరు బుసలు కొట్టారు. శ్రోతల్లో చాలామంది లేచిపోయారు. వాద్యకారుల తప్పు ఎంత, ఆ రచన తప్పు ఎంత అన్న వాదం నేటికీ తెగలేదు.

భారతదేశంతో ఈ బృందానికి ఉన్న సంబంధం కూడా చెప్పుకోవాలి. అహమ్మదాబాద్‌కు చెందిన గీతా సారాభాయి 1946లో న్యూయార్కులో కేజ్‌కు భారతీయ సంగీతం గురించి చెప్పి, అతని దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుంది. మనసును నెమ్మది పరచి దైవప్రభావానికి సిద్ధం చేయడమే సంగీతం పని అన్న ఆమె మాటను కేజ్ జీవితాంతం తలచుకున్నాడు. ట్యూడర్ 1969లో అహమ్మదాబాద్ వెళ్లి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజరుతో ఎలక్ట్రానిక్ స్టూడియో నెలకొల్పడానికి సాయం చేశాడు.

యూరప్

1959లో రెండు సంఘటనలు జరిగాయి. పోలండ్‌లో పుట్టి వియన్నాలో స్థిరపడిన రోమన్ హాబెన్‌స్టాక్-రమాటి జర్మనీలోని డోనావుఎషింగెన్ ఉత్సవంలో గ్రాఫిక్ స్కోర్లతో ప్రదర్శన ఏర్పాటు చేశాడు. డార్మ్‌స్టాట్ వేసవి శిబిరంలో జర్మన్ స్వరకర్త స్టాక్‌హౌజెన్ సంగీతం-రేఖాచిత్రం అన్న అంశం మీద ఉపన్యాసాలు ఇచ్చాడు. ఇటలీ స్వరకర్త సిల్వానో బుస్సొట్టి అదే ఏడాది డేవిడ్ ట్యూడర్ కోసం రాసిన ఐదు పియానో రచనల్లో నాలుగోది నిజానికి పదేళ్ల కిందట అతను వేసుకున్న బొమ్మ. కాగితమంతా చిక్కుపడిన నల్లగీతలు, వాటి మధ్య నలిగిపోయిన ఐదు గీతలు. ఫ్రెంచి తత్వవేత్తలు డెల్యూజ్, గ్వాటరీ తమ గ్రంథం మొదటి అధ్యాయం తలమీద ఈ పుటనే అచ్చువేసుకున్నారు. వాయించినవాళ్ల కన్నా దాన్ని ఆ పుస్తకంలో చూసినవాళ్లే ఎక్కువ ఉంటారు.

పోలండ్‌లో పెండెరెట్‌స్కీ ‘హిరోషిమా మృతులకు విలాపం’లో 52 తంత్రీవాద్యాల కోసం లావుపాటి నల్ల పట్టీలు గీశాడు. పట్టీ ఎంత లావుంటే అన్ని స్వరాలు ఒకేసారి ముద్దగా మోగాలి, కాలాన్ని సెకన్లలో కొలవాలి. దీన్ని నియమం గట్టిగా ఉన్న గ్రాఫిక్ పద్ధతి అనవచ్చు. బొమ్మ ఉంది, ఊహకు వదిలింది మాత్రం తక్కువ.

ట్రీటైజ్

ఈ కళలో అన్నిటికన్నా పెద్ద రచన, నా లెక్కలో అన్నిటికన్నా అందమైనది కూడా, కార్నీలియస్ కార్డ్యూ ‘ట్రీటైజ్’. 1963 నుంచి 1967 వరకు గీశాడు, 193 పుటలు. 1936లో పుట్టిన కార్డ్యూ కొంతకాలం స్టాక్‌హౌజెన్‌కు సహాయకుడిగా పనిచేసి, లండన్ తిరిగొచ్చాక పొట్టకూటికి ఆల్డస్ బుక్స్ ప్రచురణ సంస్థలో గ్రాఫిక్ డిజైన్ పని చేశాడు. ఆ చేతిపని ప్రతి పుటలోనూ కనిపిస్తుంది. పేరు, క్రమశిక్షణ రెండూ తత్వవేత్త విట్‌గెన్‌స్టైన్ ‘ట్రాక్టేటస్’ నుంచి వచ్చాయి.

పుస్తకం నడుమ ఒక నల్లటి గీత దాదాపు మొదటినుంచి చివరిదాకా సాగుతుంది. దాని చుట్టూ వలయాలు, చతురస్రాలు, త్రిభుజాలు, అంకెలు, సాగదీసిన స్వరలిపి గుర్తులు పుట్టి, పెరిగి, చిట్లి, మాయమవుతాయి. కొన్ని పుటల్లో గీత తప్ప ఏమీ ఉండదు, కొన్నిటిలో పెద్ద నల్లని వలయం పుటను కమ్మేస్తుంది. ప్రతి పుట అడుగునా ఐదు గీతల వరసలు రెండు ఖాళీగా ఉంటాయి, కావాలంటే వాద్యకారుడు రాసుకోవడానికన్నట్టు. సూచన ఒక్కటీ లేదు. ఏ వాద్యాలు, ఎంతసేపు, వలయం అంటే ఏమిటి, ఏదీ చెప్పడు.

అయితే గుర్తులు తిరిగి తిరిగి వస్తాయి. కిటుకు అక్కడుంది. ఒక చోట త్రిభుజాన్ని గంట మోతగా చదివినవాడు యాభై పుటల తర్వాత చిన్న త్రిభుజం, విరిగిన త్రిభుజం, తలకిందులైన త్రిభుజం ఎదురైతే ఏం చేయాలి? మొదటి నిర్ణయానికి కట్టుబడితే తర్వాతి పుటలు దాన్ని పరీక్షిస్తాయి. కట్టుబడకపోతే పుస్తకం చదవనట్టే. సంగీత శిక్షణలో అలవాట్లు గడ్డకట్టని వాళ్లు, గీతలు చూడటం తెలిసినవాళ్లు దీనికి తగినవాళ్లని కార్డ్యూ భావించాడు. 1966లో అతను చేరిన లండన్ బృందం ఏఎంఎంలో అలాంటివాళ్లున్నారు. అందులో గిటారును బల్ల మీద వెల్లకిలా పెట్టి వాయించిన కీత్ రో చిత్రకళ చదివినవాడు.

1970ల్లో కార్డ్యూ మావోయిస్టు రాజకీయాల్లోకి వెళ్లి, 1974లో అచ్చువేసిన పుస్తకంలో స్టాక్‌హౌజెన్, కేజ్‌లతో పాటు తన ‘ట్రీటైజ్’నూ తప్పుపట్టాడు. శ్రామిక జనానికి అందని ఆట అన్నది అతని ఆరోపణ. తర్వాత ఉద్యమ పాటలు రాశాడు. 1981 డిసెంబర్ 13న తూర్పు లండన్‌లో వాహనం ఢీకొట్టి ఆపకుండా వెళ్లిపోవడంతో మరణించాడు. రచయిత కాదన్నా రచన బతికింది. 1998లో షికాగోలో ఆర్ట్ లాంగ్ నిర్వహణలో 193 పుటలనూ రికార్డు చేశారు, రెండు సీడీలు పట్టింది. మరుసటి ఏడాది రాక్ బృందం సోనిక్ యూత్ 183వ పుట ఒక్కదాన్నే మూడున్నర నిమిషాల్లో వాయించింది.

ఇతర దారులు

జపాన్‌లో తోరు తకెమిత్సు 1962లో డిజైనర్ కోహెయ్ సుగియురాతో కలిసి ‘కరోనా’ చేశాడు. రంగు కాగితాల మీద వలయాలు, వాటిని చీలికల గుండా ఒకదానిలో ఒకటి దూర్చుకుని పియానిస్టు చదవాలి. బెర్బీరియన్ 1966లో ‘స్ట్రిప్సొడీ’ పేరుతో కామిక్కుల్లోని ధన్‌ధన్, భౌభౌలను గొంతుతో పలికే రచన చేస్తే, రొబెర్టో జమారిన్ దానికి బొమ్మలు వేశాడు. కెనడాలో మర్రే షేఫర్ బడిపిల్లల గాయక బృందాల కోసం గీసిన ‘స్నోఫార్మ్స్’లో మంచు మేటల వంపులనే పాడాలి. నల్లజాతి అమెరికన్ ట్రంపెట్ వాద్యకారుడు వడాడా లియో స్మిత్ 1960ల చివరినుంచి రంగులతో, ఆకృతులతో ‘అంఖ్రస్మేషన్’ అనే సొంత భాషనే పెంచుకుంటూ వచ్చాడు. జాజ్‌లో మనోధర్మం అప్పటికే బలంగా ఉంది కాబట్టి, అక్కడ బొమ్మ వాద్యకారుడికి విడుదలగా రాలేదు, కొత్త క్రమశిక్షణగా వచ్చింది.

క్రిస్టియన్ మార్‌క్లే 1996లో బెర్లిన్ గోడల మీద ఖాళీ ఐదు గీతలు అచ్చువేసిన వేల పోస్టర్లు అంటింపించాడు. దారినపోయేవాళ్లు వాటి మీద స్వరాలు రాశారు, పిచ్చిగీతలు గీశారు, చించారు, వాన తడిపింది. వాటి ఫొటోల్లో 150 ఎంచి ‘గ్రాఫిటీ కాంపొజిషన్’గా వాద్యకారులకు ఇచ్చాడు.

మధ్యలో మనిషి లేకుండా గీతనే నేరుగా శబ్దం చేసే యంత్రాలూ వచ్చాయి. ఇంగ్లండ్‌లో డాఫ్నీ ఓరమ్ 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీద గీసిన గీతలను మోగించే యంత్రం కట్టింది. స్వరకర్త, వాస్తుశిల్పి కూడా అయిన ఇయానిస్ జెనాకిస్ పారిస్‌లో తయారుచేయించిన యూపిక్ 1977లో సిద్ధమైంది. బల్ల మీద ప్రత్యేక కలంతో గీస్తే కంప్యూటర్ ఆ గీతను ధ్వనిగా మారుస్తుంది. 1978లో దానితో చేసిన ‘మైసీనీ ఆల్ఫా’ చెట్లకొమ్మల్లాంటి గీతల కూర్పు.

తప్పు వాయించడం

ఈ కళ మీద పాత అభ్యంతరం ఒకటుంది. ఏం వాయించినా చెల్లితే కాగితం ఎందుకు? 1969లో కేజ్, ఆలిసన్ నోల్స్ కలిసి 269 మంది స్వరకర్తల రాతప్రతుల పుటలను అక్షరక్రమంలో పేర్చి ‘నొటేషన్స్’ పుస్తకం తెచ్చారు. అందులో వాయించి తీరాలనిపించే పుటలున్నాయి, చూసి మెచ్చుకుని తిప్పేయదగ్గవీ ఉన్నాయి. వాటిని వేరుచేయడానికి ఒక పరీక్ష చాలనుకుంటాను. ఈ కాగితాన్ని తప్పుగా వాయించడం సాధ్యమా? ‘డిసెంబర్ 1952’లో సాధ్యమే, తెల్లని చోట మోగిస్తే తప్పు. ‘ట్రీటైజ్’లో సాధ్యమే, నిన్నటి త్రిభుజాన్ని నేడు మరిచిపోతే తప్పు. రాగాలాపనలో ముందే రాసిపెట్టిన స్వరం ఒక్కటీ లేకపోయినా అన్యస్వరం పడితే రసికులు తల తిప్పుకుంటారు. అక్కడ నియమం సంప్రదాయం నుంచి వస్తుంది, ఇక్కడ వాయించేవాళ్లు ఆ సాయంత్రానికి తామే కట్టుకోవాలి. కట్టుకోని చోట ఫిల్‌హార్మోనిక్‌లో జరిగిందే జరుగుతుంది.

రచయిత ఎవరన్న చిక్కు ఇంకా మిగిలే ఉంది. అచ్చయిన కాగితం మీద ఒకరి పేరే ఉంటుంది. స్వరాలన్నీ ఎంచుకున్నవాడు మరొకడు. ప్రచురణకర్తల లెక్కలో హక్కు గీసినవారిదే.

ప్రదర్శనశాలల్లో చిక్కు వేరు. పారదర్శక పలకలను ఎవరో ఒకసారి ఒకదాని మీద ఒకటి పేర్చి గాజు కింద బిగిస్తే, ‘ఫాంటానా మిక్స్’కు ఉన్న లెక్కలేనన్ని అమరికల్లో ఒకటే ఖాయమైపోతుంది. గీతలు బాగానే ఉంటాయి, కానీ పలకలు కదలవు, కొలవడానికి స్కేలు పెట్టనివ్వరు. వాయించాలనుకున్నవాళ్లు అచ్చు ప్రతి కొనుక్కుని, పలకలను తమ బల్ల మీద పరుచుకోవలసిందే.